పెరుగుతో ముంజెలు: గుళికకు గోడ ఎలా కడుతుందో వంటింట్లో చూద్దాం

లేత తాటిముంజె పైపొర ఒలిచి నోట్లో వేసుకుని నాలుకతో నొక్కితే లోపలి నీళ్ళు చివ్వున చిమ్ముతాయి. బయట మెత్తటి జెల్లీ, లోపల తియ్యటి నీళ్ళు. ఆ నీళ్ళను సంచిలో పోసి ఎవరూ మూతి కుట్టలేదు. మరి ఎలా నిలిచాయి?

క్యాప్సూల్ అనగానే మనకు మందుల షాపు గుర్తొస్తుంది. నిజానికి లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో ఓ గోడ ఉన్నదేదైనా గుళికే. ముంజె గుళికే, టాబ్లెట్ల పక్కన అమ్మే క్యాప్సూల్ గుళికే, న్యుమోనియా బ్యాక్టీరియా తన చుట్టూ కప్పుకునే జిగురు దుప్పటీ గుళికే. ఏ గుళికను చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ గోడ ఎటు నుంచి ఎటు పెరిగింది? బయటి నుంచి లోపలికా, లోపలి నుంచి బయటికా? దీనికి జవాబు దొరికితే ఆ గుళిక గుణం సగం తెలిసినట్టే. చదివితే ఇది అంతగా ఎక్కదు, చేస్తే ఎక్కుతుంది. అందుకే ఈ వ్యాసంలో రెండు రకాల గుళికలు చేద్దాం. మొదటిది బీట్‌రూట్ రసంతో ఎర్ర బూందీ. రెండోది పెరుగు, మామిడి గుజ్జుతో ముంజెలు. రెండింటికీ అవే రెండు పొడులు. తేడా అల్లా ఏది లోపల, ఏది బయట అన్నదే.

ముందు రోజు రాత్రి అరగంట, మర్నాడు ఓ గంట పెట్టుకోండి.

ముందు సరుకులు

మొదటిది సోడియం ఆల్జినేట్. గోధుమరంగు సముద్రపు నాచులోంచి తీసిన పిండి ఇది. 1880ల్లో ఎడ్వర్డ్ స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త నాచులోంచి దీన్ని వేరుచేశాడు. ఐస్‌క్రీమ్ డబ్బా మీద పదార్థాల చిట్టాలో 401 అనే అంకె కనిపిస్తే అది ఇదే. కట్టుడు పళ్ళ కోసం డాక్టరు నోట్లో చల్లటి ముద్ద పెట్టి అచ్చు తీస్తారు చూడండి, అందులోనూ చాలాసార్లు ఇదే ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, 50 గ్రాముల ప్యాకెట్ చాలా రోజులు వస్తుంది. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్నదే కొనండి. బట్టల అద్దకానికి వాడేది కూడా ఇదే పేరుతో అమ్ముతారు, అది తినడానికి పనికిరాదు.

రెండోది కాల్షియం లాక్టేట్, ఇదీ ఫుడ్ గ్రేడే. చాలామంది కాల్షియం క్లోరైడ్ వాడమంటారు. దాంతో పని త్వరగా అవుతుంది గానీ ఒట్టి చేదు, ఎంత కడిగినా నాలుకకు తగులుతుంది. బీరువాలో తేమ పీల్చడానికి పెట్టే డబ్బాల్లో ఉండేదీ కాల్షియం క్లోరైడే. ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని తెచ్చి వంటలో వాడకండి. లాక్టేట్‌లో బరువుకు బరువు చూస్తే కాల్షియం సుమారు సగమే ఉంటుంది కాబట్టి రెట్టింపు వేసుకోవాలి, అంతే.

ఇవి కాక 0.1 గ్రాము వరకూ తూచే చిన్న కాటా, మిక్సీ, సూది లేని 10 మి.లీ. సిరంజి, చిల్లుల గరిటె, నాలుగైదు వెడల్పాటి గిన్నెలు. కాటా లేకుండా చెంచా లెక్కన చేద్దామనుకోకండి. నేనూ మొదట అలాగే మొదలుపెట్టి, ఒకసారి పాయసం, ఇంకోసారి రబ్బరు చేశాను.

అసలైన సరుకు నీళ్ళు. మా ఇంట్లో బోరు నీళ్ళు. మొదటిసారి ఆ నీళ్ళలోనే ఆల్జినేట్ కలిపాను. పది నిమిషాల్లో అంతా ముక్కలు ముక్కలుగా, చల్లారిన గంజిలా తయారైంది. పొడి నాసిరకమేమో అనుకుని ఇంకో ప్యాకెట్ తెప్పించాను. దాని గతీ అదే. తప్పు పొడిది కాదు. బోరు నీళ్ళలో ముందే కాల్షియం ఉంది, నేను పిలవక ముందే వచ్చి గోడ కట్టేసింది. మీ ఇంట్లో వాటర్ హీటర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే మీ నీళ్ళూ అంతే. ఆర్‌ఓ నీళ్ళే వాడండి, మిక్సీ జార్ కడగడం కూడా చివరిసారి వాటితోనే.

ముందు రోజు రాత్రి: ఆల్జినేట్ కలపడం

రెండు గిన్నెల్లో రెండు రకాలుగా కలపాలి.

బూందీకి: 30 మి.లీ. వడకట్టిన బీట్‌రూట్ రసం, 70 మి.లీ. ఆర్‌ఓ నీళ్ళు, 10 గ్రాముల పంచదార, 1 గ్రాము ఆల్జినేట్.

ముంజెలకు: 1 లీటరు ఆర్‌ఓ నీళ్ళు, 5 గ్రాముల ఆల్జినేట్. ఇందులో ఇంకేమీ వేయకూడదు.

ఆల్జినేట్‌ను నేరుగా నీళ్ళలో గుమ్మరిస్తే మొండికేస్తుంది. రాగిపిండిని వేడినీళ్ళలో ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది కదా, అలా. ఆ రాగి ఉండను ఎప్పుడైనా చిదిమి చూశారా? లోపల పొడిపిండి అలాగే ఉంటుంది. పైన తడిసిన పొర జిగురై, లోపలికి నీళ్ళు పోకుండా అడ్డుపడుతుంది. అనుకోకుండా మనం చేసిన మొదటి గుళిక అదే! బయటి నుంచి లోపలికి కట్టిన గోడ. మనకు ఇప్పుడు అది వద్దు కాబట్టి, బూందీ మిశ్రమంలో ఆల్జినేట్‌ను ముందు పంచదారలో పొడిగా కలిపేయండి. పంచదార గింజలు పిండి రేణువుల్ని ఒకదానికొకటి అంటుకోకుండా దూరం దూరంగా ఉంచుతాయి. తర్వాత మిక్సీ తిరుగుతుండగా పైనుంచి కొద్దికొద్దిగా చల్లండి. లీటరు నీళ్ళ దానికి పంచదార లేదు కాబట్టి రెండు మూడు విడతలుగా, ఓపిగ్గా.

మిక్సీ ఆపాక చూస్తే అంతా నురగ. ఆ బుడగలతోనే మొదలుపెడితే గుళికలు తేలిపోతాయి, గోడకు చిల్లులు పడతాయి. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చిక్కటి ద్రవంలో బుడగలు పైకి రావడానికి చాలాసేపు పడుతుంది. తెల్లారేసరికి ద్రవం తేటగా, పల్చటి ఆముదంలా జారుతుండాలి.

అదే రాత్రి ముంజెల లోపలి సరుకు కూడా సిద్ధం చేసుకోండి: 150 గ్రాముల గట్టి పెరుగు, 50 గ్రాముల మామిడి గుజ్జు, 20 గ్రాముల పంచదార, 3 గ్రాముల కాల్షియం లాక్టేట్. గుజ్జు బంగినపల్లిదైతే పీచు ఉండదు. బాగా కలిపి, అరగోళం గుంటలున్న ఐస్ ట్రేలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి.

మొదటి గుళిక: ఎర్ర బూందీ

మర్నాడు ఒక వెడల్పాటి గిన్నెలో 300 మి.లీ. నీళ్ళు పోసి 6 గ్రాముల కాల్షియం లాక్టేట్ కరిగించండి. గోరువెచ్చని నీళ్ళయితే త్వరగా కరుగుతుంది. పక్కన ఇంకో గిన్నెలో మామూలు నీళ్ళు.

సిరంజిలోకి బీట్‌రూట్ ద్రవం తీసుకుని, నీళ్ళకు ఓ జానెడు కంటే తక్కువ ఎత్తు నుంచి చుక్కలు చుక్కలుగా వదలండి. మొదటి చుక్కను మాత్రం ఒక్కదాన్నే వదిలి దగ్గరగా చూడండి. సిరంజి మూతి దగ్గర కన్నీటి బొట్టులా సాగుతుంది. తెగి పడేలోపు, గాల్లోనే, గుండ్రంగా సర్దుకుంటుంది. నీటిని తాకిన క్షణం కొంచెం చదునై, మళ్ళీ గుండ్రమై, మెల్లగా అడుక్కి దిగుతుంది. మామూలు నీళ్ళలో అయితే ఈపాటికి ఎర్రటి పొగలా విచ్చుకుపోయేది. ఇక్కడ విచ్చుకోదు. అర నిమిషం ఆగి చిల్లుల గరిటెతో తీసి వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా దొర్లించండి. చేప గుడ్డులా ఉంటుంది. గట్టిగా నొక్కితే చిట్లి వేలు ఎర్రబడుతుంది.

మా అమ్మ మొదటిసారి ఇది చూసి, "ఏరా, నూనె లేకుండా బూందీ వేస్తున్నావేంట్రా?" అంది. ఆ మాటలో చాలా సైన్సుంది. బూందీ పిండి చుక్క నూనెలో పడగానే వేడి బయటి నుంచి లోపలికి వెళ్తూ పొర గట్టిపరుస్తుంది. ఇక్కడ వేడి బదులు కాల్షియం. దారి మాత్రం అదే, బయటి నుంచి లోపలికి.

కాల్షియం చేసే పనేమిటి? ఆల్జినేట్ ఓ పొడుగాటి గొలుసు. అందులో రెండు రకాల పూసలుంటాయి, రెండూ చక్కెర జాతివే. ఒక రకం పూసలు వరసగా వచ్చిన చోట గొలుసు వంకరలు తిరిగి గుంటలు గుంటలుగా ఉంటుంది. కిరాణా కొట్లో 30 గుడ్లు పట్టే అట్ట ట్రే ఉంటుందే, అలా ఊహించుకోండి. ఒక్కో కాల్షియం అయాన్ ఒక్కో గుడ్డు. గుడ్లు నింపిన ట్రే మీద ఇంకో ట్రేను బోర్లిస్తే రెండూ కలిసి కదలకుండా కూర్చుంటాయి. 1973లో ఈ నమూనాను ప్రతిపాదించిన శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు కూడా గుడ్ల పెట్టె అనే. పొడిలో మొదటి నుంచీ ఉన్న సోడియం ఈ పని ఎందుకు చేయలేదంటే, దానికి ఒకే ధనావేశం. ఒక చెయ్యే ఉన్నవాడు రెండు వైపులా పట్టుకోలేడు. కాల్షియానికి రెండు చేతులు.

ఇంకో సంగతి. ఆల్జినేట్ గొలుసులు మరీ పొడుగు, చుక్కలోంచి కదలవు. కాల్షియం చిన్నది, అదే నడిచి వస్తుంది. చుక్క అంచు దగ్గర మొదటి గోడ కడుతుంది, దాన్ని దాటుకుని లోపలికి వెళ్ళి రెండో వరస కడుతుంది, ఆపై మూడోది. గోడ మందం పెరిగినకొద్దీ నడక కష్టమవుతుంది కాబట్టి మొదట్లో చకచకా, తర్వాత నత్తనడక. కానీ ఆగదు. లోపల ఆల్జినేట్ ఉన్నంతకాలం ఆ నడక సాగుతూనే ఉంటుంది.

దీన్ని కళ్ళారా చూడొచ్చు. కొన్ని చుక్కల్ని అర నిమిషానికి, కొన్నిటిని 2 నిమిషాలకు, కొన్నిటిని 15 నిమిషాలకు తీసి, మంచినీళ్ళలో ముంచి, కొత్త బ్లేడుతో సగానికి కోయండి. మొదటిది కోయగానే కారిపోతుంది. రెండోదానికి మందపాటి గోడ, మధ్యలో కాస్త ద్రవం. మూడోది బఠాణీలా గట్టిది, ఒక్క చుక్క రాలదు. ఇవి నిల్వ ఉండవని అందరూ చెప్పేది ఇందుకే. మంచినీళ్ళలో కడిగినా గోడలో చిక్కుకున్న కాల్షియం లోపలికి వెళ్తూనే ఉంటుంది. చేసిన పది నిమిషాల్లో ఫలూదా మీదో, సేమ్యా పాయసం మీదో వేసుకుని తినేయాలి. స్పెయిన్‌లోని ఎల్‌బుల్లి రెస్టారెంట్‌లో ఫెర్రాన్ అడ్రియా 2003లో ఇదే పద్ధతిని ఫ్యాషన్ చేశాడు. అంతకు ఆరు దశాబ్దాల ముందే, 1940ల్లో, విలియం పెషార్ట్ అనే ఆయన ఇదే కిటుకుతో నకిలీ చెర్రీ పళ్ళు చేసి పేటెంట్ తీసుకున్నాడు. అవి ఏ రుచిలో ఉండేవో పాపం!

గిన్నెలో నీళ్ళు ఎర్రబడితే కంగారు పడకండి

గుళికల్ని కాసేపు మామూలు నీళ్ళలో వదిలేస్తే నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. గోడ చిట్లిందనుకుంటారు, చిట్లలేదు. గోడ అసలు వలలాంటిది. బీట్‌రూట్ రంగు అణువు చిన్నది, వల కన్నాల్లోంచి దూరిపోతుంది. ఆల్జినేట్ గొలుసు పెద్దది, లోపలే ఉంటుంది.

ఇది లోపమని వంటవాళ్ళు అనుకుంటారు. వైద్యులకు ఇదే వరమైంది. మన శరీరంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను వేరే ప్రాణి నుంచి తెచ్చి పెడితే రోగనిరోధక వ్యవస్థ వాటిని చంపేస్తుంది. 1980లో ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథొనీ సన్ అనే ఇద్దరు పరిశోధకులు అలాంటి కణాలను ఆల్జినేట్ చుక్కల్లో పెట్టి, పైన ఇంకో సన్నటి పూత వేసి, మధుమేహం ఉన్న ఎలుకల కడుపులో వదిలారు. చక్కెర లోపలికి వెళ్తుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది. ఇన్సులిన్ కంటే పాతికరెట్లు బరువైన యాంటీబాడీలకు మాత్రం ఆ కన్నాల్లో దారి లేదు. రెండు మూడు వారాల పాటు ఎలుకల షుగర్ అదుపులో ఉంది. అంతకన్నా ముందు, 1957లో, కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో థామస్ చాంగ్ అనే డిగ్రీ విద్యార్థి తన హాస్టల్ గదిలోనే హిమోగ్లోబిన్‌ను సన్నటి పొర సంచుల్లో బంధించి కృత్రిమ కణాలు చేశాడు. కాబట్టి వంటింట్లో ఇలాంటివి చేస్తుంటే ఎవరైనా నవ్వితే ఆయన పేరు చెప్పండి.

మరి కట్టిన గోడను కూల్చగలమా? కూల్చొచ్చు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు 1 గ్రాము, వంటసోడా 1.3 గ్రాములు అర గ్లాసు ఆర్‌ఓ నీళ్ళలో కలపండి. బుస్సున పొంగి తగ్గాక మిగిలేది సోడియం సిట్రేట్. అందులో నాలుగు గుళికలు వేసి మధ్యమధ్య కదుపుతూ ఉండండి. సిట్రేట్‌కు కాల్షియం అంటే మహా ఇష్టం, ట్రేలోంచి గుడ్లు ఏరుకున్నట్టు లాగేసుకుంటుంది. గుళిక ఉబ్బి, మెత్తబడి, చివరికి కరిగిపోతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి తమాషా లేదు. బోరు నీళ్ళు తప్ప గతి లేని వాళ్ళకు ఇదే మందు కూడా: ఆల్జినేట్ కలిపే ముందు నీళ్ళలో చిటికెడు సిట్రేట్ వేస్తే ఆ నీటిలోని కాల్షియాన్ని ముందే కట్టేస్తుంది.

రెండో గుళిక: పెరుగు ముంజెలు

మొదటి పద్ధతిలో తంటా ఏమిటో తెలిసింది. ఆల్జినేట్ లోపల ఉన్నంతకాలం గోడ లోపలికి పెరిగి చివరికి అంతా రాయవుతుంది. అయితే తిరగేద్దాం. కాల్షియాన్ని లోపల పెట్టి, ఆల్జినేట్‌ను బయట ఉంచుదాం.

పెరుగు ఇందుకు పుట్టినట్టు ఉంటుంది. పాలల్లో కాల్షియం చాలావరకు ప్రొటీన్ ఉండల్లో బందీగా ఉంటుంది. పాలు తోడుకుని పులిసేకొద్దీ ఆ పులుపు దాన్ని విడిపించి నీటిలోకి తెస్తుంది. గట్టి పెరుగు ఒక్కదాంతోనే ఓ పల్చటి పొర కడుతుంది. మనం మామిడి గుజ్జు కలిపి పల్చన చేశాం కాబట్టి 3 గ్రాముల లాక్టేట్ తోడిచ్చాం.

రాత్రి కలిపిన లీటరు ఆల్జినేట్ నీళ్ళను వెడల్పాటి గిన్నెలో పోసి, ఫ్రిజ్ చల్లదనం పోయేదాకా బయట ఉంచండి. ఐస్ ట్రేలోంచి గడ్డలు తీసి ఒక్కొక్కటే వదలండి. ఒకేసారి నాలుగైదుకు మించి వద్దు. ఒకదానికొకటి తగిలితే కవలల్లా అతుక్కుపోతాయి, విడదీస్తే చిరుగుతాయి. తేలుతున్న వాటి మీద చెంచాతో అదే ద్రవాన్ని పోస్తూ ఉండండి. గడ్డ కరిగేకొద్దీ లోపలి కాల్షియం బయటికి వస్తుంది, బయట ఆల్జినేట్ దాన్ని కాచుకుని ఉంటుంది. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు నిమిషాలకు గడ్డ చుట్టూ గాజు పొరలాంటిది మెరుస్తుంది, చెంచా తగిలితే అలలాగా కదులుతుంది. మూడు నాలుగు నిమిషాలకు చిల్లుల గరిటెతో ఎత్తి, ఆర్‌ఓ నీళ్ళున్న రెండు గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా ముంచండి. ఈ కడగడంలో బద్ధకించకండి. పైన అంటుకున్న ఆల్జినేట్ అలాగే వదిలేస్తే బెండకాయ జిగురులా సాగుతుంది, తినేవాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు!

కడిగాక గోడ ఇక పెరగదు. లోపల ఆల్జినేట్ లేదు, బయటిది కడిగేశాం. గోడ ఎంత మందం కావాలో మన చేతిలో ఉంది, ఎన్ని నిమిషాలు ఉంచితే అంత. లోపల మాత్రం ద్రవం ద్రవంగానే ఉంటుంది. పల్చటి పంచదార పాకంలో వేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం దాకా బాగుంటాయి. నోట్లో వేసుకుని నాలుకతో నొక్కండి. ముంజె చిట్లినట్టే చిట్లుతుంది, నీళ్ళ బదులు మామిడి లస్సీ.

బూందీకి మామిడి ఎందుకు వాడలేదంటే, ఆల్జినేట్ పులుపును భరించలేదు. నిమ్మరసం, చింతపండు, పుల్ల మామిడి అందులో నేరుగా కలిపితే గొలుసులు ముద్దలు ముద్దలుగా విరుగుతాయి. పుల్లటివాటికి ఎప్పుడూ ఈ తిరగేసిన పద్ధతే నయం.

ఎక్కడ తప్పుతుందంటే

గుళికకు తోక వస్తే ద్రవం మరీ చిక్కగా ఉందని, లేదా సిరంజిని నీటికి మరీ దగ్గరగా పెట్టారని. చుక్కకు గుండ్రంగా సర్దుకునే వ్యవధి ఇవ్వాలి. పెసరట్టులా చదునైతే ఎత్తు ఎక్కువైంది. తేలుతుంటే బుడగలు, ఇంకో రెండు గంటలు ఆగండి. అసలు గోడే కట్టకపోతే రెండు పొడులూ తారుమారు చేశారేమో చూడండి. రెండూ తెల్లగానే ఉంటాయి, నేనొకసారి చేశాను. అప్పటి నుంచి డబ్బాల మీద స్కెచ్ పెన్నుతో ఎంత లావుగా వీలైతే అంత లావుగా రాస్తున్నాను. చాలా గుళికలు చేశాక చివరివి మెత్తగా వస్తుంటే గిన్నెలో కాల్షియం అయిపోతోందని, కొత్తది కలుపుకోండి.

ఇదే ప్రశ్న వేరేచోట వేస్తే

మందుల క్యాప్సూల్ గోడ లోపలికీ పెరగదు, బయటికీ పెరగదు. అక్కడ ముందు గోడ, తర్వాతే లోపలి సరుకు. ఆత్రేయపురం పూతరేకులు చేసేటప్పుడు పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను బోర్లించిన వేడి కుండ మీద పరుస్తారు, క్షణంలో రేకు కట్టి ఊడివస్తుంది. క్యాప్సూల్ ఫ్యాక్టరీలో కుండ బదులు వరసలు వరసలుగా లోహపు కడ్డీలుంటాయి. వాటిని వెచ్చటి జెలటిన్ ద్రవంలో ముంచి ఎత్తుతారు. పూతరేకు వేడికి గట్టిపడితే ఇది చల్లారి గట్టిపడుతుంది. ఆరాక టోపీలా ఊడదీసి, అంచులు కోసి, పెద్ద టోపీ చిన్న టోపీ జత చేస్తారు. శాకాహారులకు జెలటిన్ బదులు సెల్యులోజ్ నుంచి చేసినది వాడతారు.

కార్బన్ పేపర్ పెట్టకుండానే కింది కాగితం మీద రాత పడే రసీదు పుస్తకాలు చూసే ఉంటారు. పై కాగితం అడుగున కంటికి కనపడని రంగు నూనె గుళికలుంటాయి, పెన్ను ఒత్తిడికి చిట్లుతాయి. 1950ల్లో అమెరికాలోని ఎన్‌సీఆర్ కంపెనీలో బారెట్ గ్రీన్ దీన్ని సాధించాడు. అందులో గోడ కట్టేవి జెలటిన్, మన తుమ్మబంకకు దగ్గరి చుట్టమైన గమ్ అరబిక్. పులుపు సరిగ్గా కుదిరితే ఒకదానికి ధనావేశం, రెండోదానికి రుణావేశం వచ్చి, రెండూ కలిసి నీటి నుంచి విడిపోయి నూనె చుక్కల మీద వాలతాయి. 2001లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి గుళికలనే ప్లాస్టిక్‌లో కలిపారు. ప్లాస్టిక్ పగిలితే గుళికలు చిట్లి, లోపలి ద్రవం పగులులోకి పాకి గట్టిపడుతుంది. తన గాయానికి తానే కట్టు కట్టుకున్నట్టు.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మాత్రం బ్యాక్టీరియా. అక్కడ గోడ లోపలి నుంచే బయటికి వస్తుంది. కణం లోపల తయారైన చక్కెర గొలుసులను బయటికి నెట్టి, ఒంటి చుట్టూ జిగురు కోటులా కప్పుకుంటుంది. సబ్జా గింజను నీళ్ళలో వేస్తే చుట్టూ ఏర్పడే జిగురు వలయాన్ని గుర్తు తెచ్చుకోండి, చూపుకు అలాగే ఉంటుంది. మన తెల్లరక్తకణం పట్టుకోబోతే జారిపోతుంది. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా బ్యాక్టీరియాను ఎలుకలకు ఎక్కించి చూశాడు. కోటు ఉన్నవి చంపాయి, లేనివి చంపలేదు. అయితే వేడిచేసి చంపిన కోటు రకాన్ని, బతికున్న కోటులేని రకంతో కలిపి ఎక్కిస్తే ఎలుకలు చచ్చాయి, వాటి ఒంట్లో కోటు తొడుక్కున్న బ్యాక్టీరియా బతికి కనిపించింది. చచ్చినవాటి నుంచి బతికున్నవి కోటు కుట్టే విద్య నేర్చుకున్నాయన్నమాట. ఆ విద్య డీఎన్‌ఏలో రాసి ఉందని 1944లో ఆవరీ బృందం తేల్చింది.

ఆ కోటే మనకు ఆయుధం కూడా అయింది. టైఫాయిడ్ బ్యాక్టీరియా కోటులోని చక్కెరను తీసి, టెటనస్ టీకాలో వాడే ప్రొటీన్‌కు అతికించి హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ టైప్‌బార్ టీసీవీ టీకా చేసింది. ఒట్టి చక్కెరకు రెండేళ్ళలోపు పిల్లల శరీరం సరిగా స్పందించదు, ప్రొటీన్ జతచేస్తే గుర్తుపడుతుంది. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఆమోదముద్ర వేసింది.

గిన్నెలు కడిగే ముందు ఒక్క మాట

మిగిలిన ఆల్జినేట్ నీళ్ళు, కాల్షియం నీళ్ళు ఒకదాని వెంట ఒకటి సింకులో పారబోయకండి. రెండూ పైపులో కలుసుకుంటే ఏమవుతుందో ఇప్పుడు మీకు తెలుసు. మా ఇంట్లో ఆ సంగతి ప్లంబర్ వచ్చి పైపు విప్పాక తెలిసింది, మూరెడు పొడుగు ఎర్ర జెల్లీ పాములా బయటపడింది. ఆల్జినేట్ నీళ్ళలోనే మిగిలిన కాల్షియం నీళ్ళు పోసి, గిన్నెలోనే గడ్డ కట్టించి, వడకట్టి తడి చెత్త బుట్టలో వేయండి. మిక్సీ జార్‌ను మాత్రం ఆరకముందే ఆర్‌ఓ నీళ్ళతో కడగాలి. బోరు నీళ్ళు పోశారో, బ్లేడు చుట్టూ ఇంకో ముంజె కడుతుంది.